పీరియోలో పీజీ చేయాలా, ఇంప్లాంట్ కోర్సులు సరిపోతాయా?

కొత్త_క్లినిక్:
అందరికీ నమస్కారం. డిగ్రీ అయ్యాక జనరల్ ప్రాక్టీసులో పడ్డాను, ఇప్పుడు పీజీ వైపు చూస్తున్నాను. మనసు పీరియోడాంటిక్స్, అంటే చిగుళ్ళ వైద్యం మీదికే పోతోంది. దాచుకోవడం ఎందుకు, అసలు కారణం ఇంప్లాంట్లే (పోయిన పంటి చోట ఎముకలో బిగించే కృత్రిమ వేర్లు). కానీ ఎవరిని అడిగినా ఒకటే మాట, "మూడేళ్ళు చదివి గార గీకుతావా, ఆ ఇంప్లాంట్లేవో వారాంతపు కోర్సుల్లో నేర్చుకోరాదూ" అని. ఇంట్లోవాళ్ళకైతే చిగుళ్ళకి విడిగా ఒక డాక్టరు ఉంటాడన్నదే వింత. అందులో చదివినవాళ్ళు చెప్పండి, అన్నేళ్ళు అసలేం చేయిస్తారు? జనరల్ డెంటిస్టుకి చేతకానిది ఏం వస్తుంది? మొహమాటం లేకుండా చెప్పండి.

ప్రోబ్_చేతిలో:
గార గీకుడు అన్నవాళ్ళు సగం నిజమే చెప్పారండీ. మొదటి ఏడాది చాలా భాగం అదే పని. కాకపోతే మీరిప్పుడు క్లినిక్‌లో చేస్తున్న స్కేలింగ్ వేరు, అది వేరు. పై దవడ మొదటి మోలారు తీసుకోండి, మూడు వేర్లు, వెనక వైపు వేర్లు చీలే చోట ఎముక కరిగింది, 7 మి.మీ. పాకెట్ (చిగురుకీ పంటికీ మధ్య సందు). అద్దంలో ఏమీ కనపడదు. నేబర్స్ ప్రోబ్ అనే వంకర కొలత పుల్ల వంపు తిప్పి లోపలికి పంపితే ఎంత దూరం పోతుందో వేలికి తెలియాలి, ఆ తర్వాత 13/14 గ్రేసీ అనే గార తీసే పరికరం పట్టుకుని, దానికి ఒకవైపే పదును కాబట్టి ఆ పదును వేరు వైపే ఉందని చూడకుండానే తెలుసుకుని, గరుకు పోయి నున్నగా తగిలేదాకా లాగాలి. అది చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక కూడా అలాంటి చీలికలో కొంత గార మిగిలిపోతుంది, అప్పుడే ఫ్లాప్ ఎత్తడం, అంటే చిగురు కోసి తెరిచి శుభ్రం చేయడం గురించి ఆలోచిస్తాం.

ఇంతకంటే పెద్ద తేడా డయాగ్నోసిస్‌లో ఉంటుంది. పాకెట్ లోతు పంటికి 6 చోట్ల కొలుస్తాం, 28 పళ్ళుంటే 168 అంకెలు. ఇంకా చిగురు ఎంత దిగింది, ఎక్కడ రక్తం వచ్చింది, ఏ పన్ను కదులుతోంది, అన్నీ రాయాలి. మొదట్లో విసుగనిపిస్తుంది కానీ వైద్యం తర్వాత మళ్ళీ కొలిచే రీ ఎవాల్యుయేషన్‌లో అదే చార్ట్ పక్కన పెట్టి చూస్తే ఏ పన్ను మాట విన్నదో ఏది వినలేదో కళ్ళకి కట్టినట్టుంటుంది. 2018లో వచ్చిన కొత్త వర్గీకరణలో స్టేజ్ 1 నుంచి 4, గ్రేడ్ ఏ, బీ, సీ. స్టేజ్ అంటే ఇప్పటిదాకా జరిగిన నష్టం ఎంత, వైద్యం ఎంత క్లిష్టం అన్నది, గ్రేడ్ అంటే ఎంత వేగంగా పోతోంది అన్నది. రోజుకి 10 సిగరెట్లు, ఆపైన తాగేవాళ్ళు, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 శాతం, ఆపైన ఉన్న షుగర్ పేషెంట్లు నేరుగా గ్రేడ్ సీకి వెళ్తారు. అంటే మీరు నోరు ఒక్కటే చూస్తే చాలదు, ఫిజీషియన్‌తో మాట్లాడటం కూడా ఈ ట్రైనింగ్‌లో భాగమే.

రెండో_ఏడు_పీజీ:
నేను ఇంకా లోపలే ఉన్నాను కాబట్టి వేడివేడిగా చెప్తా. సర్జరీలు ముందు పంది దవడ మీద, తర్వాత సీనియర్‌కి అసిస్ట్ చేస్తూ, ఆ తర్వాతే సొంతంగా. నాకు బాగా నచ్చింది వేరు బయటపడిన చోట చిగురు కప్పడం. అంగుడి నుంచి పలచని కనెక్టివ్ టిష్యూ పొర తీయాలి, మందం మిల్లీమీటరో, ఒకటిన్నరో, వెనకాల గ్రేటర్ పాలటైన్ ఆర్టరీ ఉంటుంది, అంగుడు లోతు తక్కువైతే అది ఇంకా దగ్గర. తర్వాత 6-0 దారంతో కుట్లు, కాస్త గట్టిగా లాగితే కణజాలం చిరుగుతుంది, వదులైతే గ్రాఫ్ట్ జరిగిపోతుంది. పక్కన గైడ్ ఊపిరి బిగబట్టి చూస్తుంటే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఎవరూ చెప్పని సంగతి, చదువు చాలా ఎక్కువ. జర్నల్ క్లబ్‌లో పేపర్ చదివొచ్చి చెప్తే సరిపోదు, "ఇందులో కంట్రోల్ గ్రూపు ఏది, ఎన్నాళ్ళు ఫాలో అప్ చేశారు" అని పీకుతారు. కానీ కొన్ని చదివితే మాత్రం ఆలోచనే మారుతుంది. 1965లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమడం మానిపించింది, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి, తోమడం మొదలెట్టగానే తగ్గాయి. సరే, మురికే కారణమని తేలిపోయింది కదా అనుకుంటాం. మళ్ళీ ఆయనే శ్రీలంక తేయాకు తోటల కూలీల మీద చేసి 1986లో ప్రచురించిన స్టడీ ఉంది. వాళ్ళకి పళ్ళు తోమే అలవాటే లేదు, అందరి నోళ్ళలోనూ గార పేరుకుపోయింది, అయినా దాదాపు 8 శాతం మందికే జబ్బు వేగంగా ముదిరింది, 11 శాతం మందిలో చిగుళ్ళ వాపు దాటి ముందుకే పోలేదు. మిగతావాళ్ళు ఆ రెంటికీ మధ్య. అదే గార, మనిషిని బట్టి వేరే ఫలితం. గ్రేడ్ అనే ఆలోచన ఎందుకొచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

పీజీ_చేయలేదు:
నేను అవతలి పక్క నుంచి మాట్లాడతా. ఇంప్లాంట్ల కోసమే అయితే పీరియో వద్దు. సర్జన్లు పెడుతున్నారు, కట్టుడు పళ్ళు చేసే ప్రాస్థో వాళ్ళు పెడుతున్నారు, ట్రైనింగ్ తీసుకున్న జనరల్ డెంటిస్టులూ పెడుతున్నారు, నేనూ పెడుతున్నాను. ఎముక బాగున్న సింపుల్ కేసులకి మంచి కోర్సు, పక్కన అనుభవమున్న మెంటర్ ఉంటే పని నడుస్తుంది. పైగా పీరియో చేసినవాళ్ళు చాలామంది రిఫరల్స్ మీద ఆధారపడాలి, పంపేవాళ్ళు లేకపోతే మళ్ళీ జనరల్ పనే. నేను వదులుకున్నందుకు బాధపడటం లేదు. కాకపోతే ఇంప్లాంట్ చుట్టూ చీము పట్టి ఎముక పోతోందంటే మాత్రం ఆ పేషెంట్‌ని పీరియో వాళ్ళకే పంపిస్తా.

ప్రోబ్_చేతిలో:
ఆ చివరి వాక్యంలోనే ఉంది విషయమంతా 🙂 పంటిని ఎముకకి పట్టి ఉంచే లిగమెంట్ ఉంటుంది, దాని పోగులు వేరు మీది సిమెంటమ్ అనే పొరలోకి దిగి ఉంటాయి. ఇంప్లాంట్‌కి అది లేదు, చిగురు పోగులు దాని పక్కనుంచి సమాంతరంగా పోతాయి తప్ప దాంట్లోకి దిగవు, అందుకే ఇన్‌ఫెక్షన్ ఎముకకి చేరితే ఆపడం కష్టం. చిగుళ్ళ జబ్బుతోనే పళ్ళు పోగొట్టుకున్న మనిషికి, ఆ జబ్బు అదుపులోకి తేకుండా ఇంప్లాంట్ పెడితే ప్రమాదం ఎక్కువ. పెట్టడం గంట పని, దాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టడం వేరే పని. మీకు ఆ రెండోదాని మీద ఆసక్తి ఉంటేనే పీరియోకి రండి. ఫలితం అదే రోజు కనపడాలి అనుకునేవాళ్ళు ఎండోకో (రూట్ కెనాల్ విభాగం) ప్రాస్థోకో వెళ్తే సుఖంగా ఉంటారు, ఇది తప్పుగా అనడం లేదు, స్వభావం సంగతి.

కొత్త_క్లినిక్:
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. వైద్యం అయ్యాక క్రమం తప్పకుండా చెకప్‌కి వచ్చే మెయింటెనెన్స్ పేషెంట్లతో మాట్లాడటం నాకు ఇష్టమే, అది బోర్ అనుకోలేదు ఎప్పుడూ. మరి ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు ఏం అడగాలి? బ్రోషర్లలో అన్నీ బాగానే రాస్తారు.

ప్రోబ్_చేతిలో:
హెచ్ఓడీని (విభాగం అధిపతిని) కాదు, ఆఖరి ఏడాది పీజీని పక్కకి పిలిచి అడగండి. మెయిన్ ఆపరేటర్‌గా సొంత చేత్తో ఎన్ని ఫ్లాప్‌లు, ఎన్ని గ్రాఫ్ట్‌లు చేశారు, చూసినవి కలపకుండా. ఇంప్లాంట్ కేసులో ప్లానింగ్ దగ్గర్నుంచి వీళ్ళు ఉంటారా లేక డ్రిల్ చేయడానికి పిలుస్తారా. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఏడాది చేరిన పేషెంట్ మూడో ఏడాదిలో కూడా అదే పీజీ దగ్గరికి వస్తున్నాడా. వస్తుంటే మీ సర్జరీ ఏమైందో మీరే చూస్తారు, లేకపోతే కుట్లు విప్పినదాకే మీకు తెలుస్తుంది. ఒక పాత కేసు ఫైల్ చూపించమనండి, ముందు చార్ట్, సర్జరీ ఫోటోలు, తర్వాతి చార్ట్ అన్నీ వరసగా ఉంటే అక్కడ పని జరుగుతోందని అర్థం. చూపించడానికి తటపటాయిస్తే కూడా అర్థమైపోతుంది.

రెండో_ఏడు_పీజీ:
థీసిస్ టాపిక్ ఎవరు ఎంచుతారో కూడా అడగండి అన్నా, కొన్నిచోట్ల గైడ్ చెప్పిందే ఫైనల్, అక్కడ నచ్చనిది తగిలితే రెండేళ్ళు మోయాలి. ఇంకోటి, లూప్స్ (పని పెద్దగా కనపడేలా పెట్టుకునే భూతద్దాల కళ్ళజోడు) చేరకముందే కొనుక్కోండి, వర్కింగ్ డిస్టెన్స్ మీ ఎత్తుకి, మీరు కూర్చునే తీరుకి కొలిపించుకుని మరీ. సీనియర్లవి అరువు తెచ్చుకుంటే ముందు పట్టేది మెడే.