వాలు చేను: గట్టు ముందా, కుంట ముందా?

కళ్యాణదుర్గం_మెట్ట:
అన్నలారా, మూడెకరాల ఎర్రనేల. పైనుంచి కిందికి 135 మీటర్లు, అడ్డం 90 మీటర్లు. లెవెల్ పైపు (నీళ్లు నింపి ఎత్తు తేడా చూసే గొట్టం) పెట్టి చూస్తే పై హద్దుకూ కింది హద్దుకూ 2.7 మీటర్ల తేడా వచ్చింది. ఏటా చెనక్కాయే, మధ్యలో కంది సాళ్లు. పైచేని నీళ్లు ఒక మూల నుంచి దూకి చేను మధ్యలో మోకాలి లోతు కోత పెట్టినాయి. కింద 10×10 మీటర్ల కుంట తవ్విస్తే చాలా, గట్లు కూడా వేయాల్నా? జేసీబీ ఆయన హద్దుకు సరిగ్గా తిన్నగా గట్టు లాగేస్తానంటున్నాడు. చెరువు మట్టి తోలితే పనికొస్తుందా?

గట్టుమీద_కంది:
కుంట చివరి పని. పైన నీటిని ఆపకుండా కింద కుంట తవ్వితే మొదటి రెండు పెద్ద వానలకే ఒండ్రుతో సగం పూడుతుంది.

మీది 2 శాతం వాలు. అనంతపురం వైపు వానకు, ఈ వాలుకు గట్టుకూ గట్టుకూ మధ్య 80 సెం.మీ. ఎత్తు తేడా, అంటే నేలమీద 40 మీటర్ల దూరం పెట్టుకోవచ్చు. పై హద్దు నుంచి 40, 80, 120 మీటర్ల దగ్గర ఒక్కోటి, మిగిలింది కింది హద్దు గట్టు. మొత్తం నాలుగు చాలు.

తిన్నగా లాగే గట్టు మాత్రం వద్దు. నేల తిన్నగా లేదు కదా. పల్లం ఉన్నచోటికే నీళ్లన్నీ చేరి అక్కడే గండి పడుతుంది. లెవెల్ పైపుతో ఒకే ఎత్తున్న చోట్లు పట్టుకుని ప్రతి 5 మీటర్లకూ మేకు కొట్టండి. పైపులో గాలిబుడగ ఉంటే లెక్కంతా తప్పుతుంది, నీళ్లు నింపాక ఒకసారి రెండు కొనలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. గుంటక తిరగడానికి వీలుగా వంపులు కాస్త సరిచేసుకోవచ్చు గానీ ఎత్తులో 10 సెం.మీ. కంటే తేడా రానీయొద్దు.

కొలతలు: అడుగున 1.6 మీటర్లు, పైన 40 సెం.మీ., ఎత్తు 60 సెం.మీ. మట్టి దిగుతుంది కాబట్టి 75 దాకా పోయండి. ముందు అడుగు నేల దున్ని గరుకు చేయాలి, లేకుంటే కొత్త మట్టికీ పాత నేలకూ మధ్య నుంచి నీళ్లు ఊరతాయి. జానెడు మందాన పోస్తూ ట్రాక్టరు చక్రంతో తొక్కించాలి. జేసీబీ ఆయన ఒక్కసారే కుప్ప పోసి పోతాడు, దగ్గర నిలబడి చేయించుకోవాలి. మట్టి గట్టుకు పైవైపు నుంచే తీయండి, గట్టు మొదలు నుంచి ఒక అడుగు వదిలి. గుంతలు ఒకదానికొకటి కలవకూడదు, కలిస్తే అవే కాలువై కోస్తాయి.

ప్రతి గట్టుకూ అలుగు, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి, తప్పనిసరి. పైవైపు నేల కన్నా 30 సెం.మీ. ఎత్తులో, రాళ్లు పేర్చి, నీళ్లు దూకేచోట కూడా ఒక మీటరు రాళ్లు పరిచి పెట్టాలి. అలుగు లేని గట్టు తెగిందంటే, గట్టే లేని చేని కన్నా ఎక్కువ మట్టి పోతుంది.

గట్ల మధ్య చెనక్కాయలో వాలుకు అడ్డంగా ప్రతి 3.6 మీటర్లకూ ఒక గొడ్డుచాలు (విత్తనం వేయకుండా వదిలే సాలు). పైసా ఖర్చు లేని పని, ఎందుకో చాలామంది వదిలేస్తారు.

రాతికట్ట:
పైన చెప్పినదానికి ఒకటి కలపాలి: కోతను మట్టితో పూడ్చొద్దు. మళ్లీ అదే దారిన పోతుంది. గుండురాళ్లతో అడ్డకట్టలు వేయండి. పునాది అడుగు లోతు, రెండు పక్కల ఒడ్డులోకి కనీసం రెండడుగులు చొప్పించాలి. మధ్యభాగం పక్కల కన్నా జానెడు పల్లంగా ఉండాలి. అందరూ పైభాగం సమంగా పేరుస్తారు, నీళ్లు పక్కకు తిరిగి ఒడ్డు తినేస్తాయి. కింది కట్ట పైభాగం, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండేలా దూరం చూసుకోండి. గట్టు కోతను దాటే చోట ఈ పని ముందే అయిపోవాలి.

కళ్యాణదుర్గం_మెట్ట:
పైచేని నీళ్లను పక్క వంకలోకి మళ్లిస్తే కుంటకు నీళ్లు వస్తాయా అన్నా?

గట్టుమీద_కంది:
వస్తాయి. 50 మి.మీ. వానలో ఐదో వంతు పారినా మీ మూడెకరాల నుంచే సుమారు 1.2 లక్షల లీటర్లు. 10×10, లోతు 2.5 మీటర్లు, పక్కలు ఒకటిన్నరకు ఒకటి వాలుతో (అడ్డం ఒకటిన్నర, లోతు ఒకటి) తవ్వితే కుంటలో పట్టేది 1.1 లక్షలే. గట్లు కొంత ఆపుకుంటాయి, చిన్న వానలకు కుంటలోకి చుక్క రాదు, అది వేరే సంగతి. ఎర్రనేలలో నీళ్లు నిలవవు. బెట్టలో ఒక తడి ఇవ్వాలంటే ఆరుపాళ్లు మట్టికి ఒకపాలు సిమెంటు కలిపి పూత వేయించాలి, లేదా ప్లాస్టిక్ షీటు. బోరు ఊట కోసమే అయితే ఏదీ వేయొద్దు. నీళ్లు లోపలికి వచ్చే దారిలో చిన్న ఒండ్రు గుంత మరవొద్దు.

మళ్లించే ముందు కిందివాళ్లతో మాట్లాడుకోండి. వంకలోకి కలిసేచోట వాళ్ల గట్టు కోస్తే పంచాయితీ అవుతుంది.

పూడికమట్టి:
చెరువు మట్టి గట్లు అయ్యాకే. లేకుంటే తోలిందంతా మళ్లీ చెరువుకే పోతుంది. ఎకరాకు 40 ట్రాలీలు చల్లితే దాదాపు అంగుళం మందం వస్తుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి. బంకమట్టి ఎక్కువ ఉంటేనే తేమ పట్టుకుంటుంది. ఇసుకపాలు ఎక్కువైనా, చౌడు ఉన్నా ట్రాక్టరు బాడుగ దండగే. తుంగ గడ్డలు, సర్కారు తుమ్మ విత్తనాలు కూడా దాంతో వస్తాయి, మొదటి ఏడు కలుపు ఎక్కువే ఉంటుంది.

గట్లమీద తొలకరి బాగా పడ్డాక గిరిపుష్పం కొమ్మలు అరమీటరుకొకటి నాటండి, మేకలు పెద్దగా ముట్టవు. అలుగుల పక్కన మాత్రం వట్టివేరు, జానెడుకొక పిలక.