‘ప్రమాదవశాత్తు’ అంటే ఎవరి తప్పూ లేదనా?

పదచింత: ఒక వార్తను తెలుగు చేస్తూ ఆగిపోయాను. 2023 ఆగస్టు 22న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర, సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజు. ఒక మినీవ్యాను రోడ్డు మధ్యగీత దాటి స్కూలు బస్సుకు ఎదురొచ్చింది. బస్సు బోల్తా పడి 11 ఏళ్ళ బాబు చనిపోయాడు, ఇరవైమందికి పైగా పిల్లలకు దెబ్బలు తగిలాయి. వ్యాను నడిపింది హైతీ నుంచి వచ్చిన మనిషి. ఏడాది తిరిగాక ఎన్నికల వేడిలో, అప్పటి రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ ఆ పిల్లవాడు ‘హత్య’కు గురయ్యాడని రాశారు. 2024 సెప్టెంబరు 10న నగర సభలో బాబు తండ్రి లేచి, మావాడిది హత్య కాదు, వాడి చావును రాజకీయానికి వాడుకోకండి అన్నారు. ఆయన మాటకు ‘ప్రమాదవశాత్తు చనిపోయాడు’ అని పెట్టాను. అలా రాస్తే నడిపినవాడి తప్పు మాయమైపోదా? శిక్ష పడిన కేసు కదా. నా ముసాయిదాలో శీర్షిక ‘అక్రమ వలసదారు చేతిలో బలైన బాలుడు’. అదీ చూసి చెప్పండి.

డెస్కుమాట: మాయం కాదండీ, తప్పు ఆ మాట లోపలే ఉంది. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. తైత్తిరీయ ఉపనిషత్తులో ‘స్వాధ్యాయాన్మా ప్రమదః’ అంటే చదువు విషయంలో ఏమరకు అని. ‘ప్రమాదో ధీమతామపి’ కూడా ఆ అర్థంతోనే పుట్టింది, ఎంత తెలివైనవాడైనా ఏమరుతాడని. తెలుగులోకి వచ్చాక మాట కారణం మీంచి ఫలితం మీదకి జారింది. ఇప్పుడు మనకు ప్రమాదమంటే అపాయం, జరిగిన ఘోరం. కాబట్టి పుట్టుక ప్రకారం ప్రమాదవశాత్తు అంటే ‘అజాగ్రత్తకు లోబడి’.

అయితే పుట్టుక పాఠకుడికి వినబడదు. ఆయన చెవికి అది ‘దైవవశాత్తు’కి తోబుట్టువు. అందుకని తండ్రి మాటలో ఉంచెయ్యండి, అక్కడ దానికి ఎదురుగా ‘హత్య’ ఉంది, అర్థం తేటగా నిలబడుతుంది. మీ సొంత కథనంలో మాత్రం ఏం జరిగిందో రాయండి: ‘వ్యాను గీత దాటి బస్సుకు ఎదురు రావడంతో’. అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం కూడా 2016లో ఇదే చెప్పింది, నిర్లక్ష్యం ఉందన్న ఆరోపణ గానీ రుజువు గానీ ఉన్నచోట యాక్సిడెంట్ అనకండి, అది తప్పు మాఫీ చేసినట్టుంటుందని.

‘పొరపాటున చంపాడు’ వద్దు. ఎవరినో చంపబోయి ఇంకొకరిని చంపినట్టు ఉంటుంది. ‘కాకతాళీయంగా’ అయితే అసలే కాదు. ‘చేతిలో’ తీసెయ్యండి, ఆ మాట వచ్చిందంటే చెయ్యి ఎత్తినట్టే. ‘బలైన’ దగ్గరా ఆలోచించండి, బలి అన్నాక ఇచ్చినవాడెవడన్న ప్రశ్న వెంటే వస్తుంది.

లా అనువాదం: నేరం పేరు దగ్గర జాగ్రత్త. 2024లో అతనికి పడింది ఉద్దేశం లేని నరహత్య, వాహనంతో మరణం కలిగించడం కింద, 9 నుంచి 13న్నర ఏళ్ళు. దీనికి మన సెక్షన్ పేరు అతికించకండి. మన దగ్గర నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత ఐపీసీ 304ఎ కింద గరిష్ఠం 2 ఏళ్ళు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ళు. గుద్ది చెప్పకుండా పారిపోతే పదేళ్ళనే 106(2)ని ఆ రోజు అమల్లోకి తేలేదు, దాని మీదే 2024 జనవరిలో జరిగిన లారీ డ్రైవర్ల సమ్మె, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు క్యూలు గుర్తుండే ఉంటాయి. కొలబద్దలే వేరు.

ఇంకో చిక్కు, ‘నరహత్య’లో హత్య ఉంది. తొందరలో చదివేవాడి కన్ను సగమే పట్టుకుంటుంది. మొదటిసారి ‘ఉద్దేశం లేని’ అన్నది తప్పకుండా కలిపి రాసి, తర్వాత ‘ఈ నేరం’ అంటే చాలు.

పదచింత: సరే. మరి ‘అక్రమ’?

లా అనువాదం: ఈ వార్తలో అది నేరుగా తప్పు. ఘటన నాటికి అతనికి తాత్కాలిక రక్షణ హోదా ఉంది, అంటే అప్పుడు దేశంలో ఉండటం చట్టబద్ధమే. లేనిది ఒహాయోలో చెల్లే డ్రైవింగ్ లైసెన్సు. రెండూ వేరు కాగితాలు. ఒకటి నివాసానిది, ఒకటి స్టీరింగుది. శీర్షికలో రెండూ కలిసిపోతే, బండి నడపడంలో జరిగిన తప్పు సరిహద్దు దాటడంలో జరిగినట్టు అవుతుంది.

డెస్కుమాట: కాగితాలు లేనివాళ్ళ విషయంలో కూడా నాకా విశేషణం నచ్చదు. అక్రమ నిర్మాణం, అక్రమ రవాణా, అక్రమాస్తులు అన్నీ పనులకో వస్తువులకో తగిలినవి. మనిషికి తగిలించిన పాత ఉదాహరణ ‘అక్రమ సంతానం’. పెద్దలు చేసినదానికి పుట్టినవాడికి ముద్ర. అలా రాయకపోవడమే మంచిది. అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 2013లోనే ఈ గీత గీసింది, ఇల్లీగల్ అన్నది చర్యకే, మనిషికి కాదని. ‘అనుమతి లేకుండా ఉంటున్న’ అని రాయండి, రెండు మాటలు ఎక్కువైనా. పౌరసత్వ చట్టం 2(1)(బి)లోని నిర్వచనాన్ని ఉటంకించేటప్పుడు మాత్రం ‘అక్రమ వలసదారు’ తప్పదు.

‘చొరబాటుదారు’ ఇంకా ఘాటు. చొరబడేవాడు శత్రువో దొంగో అవుతాడు. పని వెతుక్కుంటూ వచ్చినవాడు కాడు.

జగిత్యాల మాట: మా దిక్కు దీనికి సొంత మాటే ఉంది: ఖల్లివెల్లి. గల్ఫ్‌ల కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, ఇడిసి బయట పని చేస్కుంటున్నోడు, అకామా (నివాస అనుమతి కార్డు) లేనోడు. ‘వాడు ఖల్లివెల్లి అయిండు’ అంటరు. అరబ్బీల ‘ఖల్లీ వల్లీ’ అంటే పోనియ్, ఇడిసెయ్ అని. అక్కడ తిట్టు లెక్క వాడే మాట, ఇక్కడికొచ్చి ఒక స్థితి పేరైంది. అక్రమం అన్న ముద్ర లేదు, బేఫికర్ ఉంది, భయం ఉంది. అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టినప్పుడు ఔట్‌పాస్ (దేశం ఇడిసిపోయే కాగితం) తీస్కొని ఇంటికొచ్చేది వీళ్ళే. మనోళ్ళైతే ఖల్లివెల్లి, పరాయోళ్ళైతే అక్రమ వలసదారులా?

డెస్కుమాట: అదే తేడా పైమెట్టులోనూ ఉందండీ. డాలస్ వెళ్ళినవాడు ప్రవాసి, ముంబయి వెళ్ళినవాడు వలస కూలీ.

పదచింత: ఒక్కటి మిగిలింది. శోకంలో ఉన్న ఇల్లు న్యాయశాస్త్రం మాట్లాడదు. ‘నా బిడ్డను పొట్టన పెట్టుకున్నాడు’ అంటుంది తల్లి. ఆ మాటకు ఉద్దేశం ఉందా లేదా అన్న లెక్క లేదు. అది రాయకూడదా?

డెస్కుమాట: రాయొచ్చు, ఆమె అంటేనే, కొటేషన్లో. డెస్కు అరువు తెచ్చుకోకూడదు. ఈ కేసులో తండ్రి ఆ మాట కూడా అనలేదు. ఆయన వద్దన్న మాటను మనం శీర్షికకు ఎక్కిస్తే ఎలా?

పదచింత: మార్చాను: ‘స్కూలు బస్సుకు ఎదురొచ్చిన వ్యాను, 11 ఏళ్ళ బాలుడి మృతి: హత్య అనొద్దన్న తండ్రి’. హైతీ సంగతి లోపల మూడో పేరాలో, లైసెన్సు పక్కనే.

లా అనువాదం: లైసెన్సు ముందు, హైతీ తర్వాత.