వేసవిలో కండక్టింగ్, మ్యూజిక్ టీచింగ్ కోర్సు: కర్ణాటక సంగీతం చదివిన టీచరు ఎలా సిద్ధం కావాలి?

గురుకుల_గానం, హనుమకొండ

నమస్తే అందరికీ. వరంగల్ విద్యారణ్య సంగీత కళాశాలలో గాత్రం డిప్లొమా చేసి, గురుకులంలో సంగీతం చెబుతున్నాను. 6 నుంచి 9వ తరగతి దాకా 60 మంది పిల్లల బృందగానం నా బాధ్యత. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) మెల్లగా చదవగలను. వచ్చే వేసవిలో బయటి దేశం యూనివర్సిటీలో కండక్టింగ్ (చేతి కదలికలతో బృందాన్ని నడపడం), పిల్లలకు సంగీతం నేర్పే పద్ధతి చదువుదామని ఉంది. ఎలాంటి కోర్సుకు పోతే పనికొస్తుంది? అప్లికేషన్ వీడియో ఎలా తీయాలి? ఇంకో సంగతి. తాళం తప్పకుండా వేస్తాను, కానీ చెయ్యి ఊపితే పిల్లలు ఒక్కసారిగా ఎత్తుకోరు. తప్పు ఎక్కడుంది?

పల్లవి_చరణం

వేసవి చదువులు మూడు తీరులుగా ఉంటాయి. కొద్ది రోజుల నుంచి రెండు వారాల దాకా సాగే కండక్టింగ్ వర్క్‌షాప్ ఒకటి. పిల్లలకు సంగీతం నేర్పే కొడాయ్, ఓర్ఫ్ పద్ధతుల లెవెల్ కోర్సులు రెండోది: సాధారణంగా ఒక్కో లెవెల్ రెండు వారాలు, ఏడాదికొకటి చొప్పున మూడు వేసవులు పడుతుంది. మూడోది, ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసం వేసవుల్లోనే పూర్తయ్యేలా పెట్టిన మాస్టర్స్. ఇవి అమెరికాలో ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

మీకు నా సలహా కొడాయ్ పద్ధతి. అందులో ‘డో’ ఏ శ్రుతిలోనైనా ఉండొచ్చు, మన షడ్జమం (స) లాగే. స్వరానికో చేతి గుర్తు ఉంటుంది, లయకు ‘టా, టీ-టీ’ అని నోటితో చెప్పిస్తారు. తకధిమి వచ్చినవాళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది. హంగరీలో కెచ్‌కెమేత్ ఊళ్లో 1975లో మొదలైన కొడాయ్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు బుడాపెస్ట్‌లోని లిస్ట్ సంగీత అకాడమీలో భాగం. ఓర్ఫ్ వైపు వెళ్లాలంటే సాల్జ్‌బర్గ్‌లో మొజార్టియం యూనివర్సిటీ ఉంది.

చాలామంది దెబ్బతినేది తేదీల దగ్గర. మన బడులకు సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అక్కడి కోర్సులు ఎక్కువగా జూన్ చివర, జూలైలో. అంటే బడి తెరిచాక మీకు సెలవు కావాలి. శాఖ అనుమతికి, ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి) జనవరిలోనే కాగితం పెట్టండి. షెంజెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. అమెరికాలో డిగ్రీ క్రెడిట్లు వచ్చే కోర్సయితే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం, ఎఫ్-1 విద్యార్థి వీసా తప్పవు.

వర్క్‌షాప్‌కి డబ్బు కట్టేముందు ఒకటి అడగండి: యాక్టివ్ సీటా, ఆడిటర్ సీటా? ఆడిటర్‌కు ఫీజు తక్కువ గానీ బృందం ముందు నిలబడే అవకాశం రాదు. యాక్టివ్ అయితే రోజుకు ఎన్ని నిమిషాలు పోడియం (కండక్టర్ నిలబడే దిమ్మె) మీద ఉంటారో రాతపూర్వకంగా తెలుసుకోండి. రోజుకు 10, 15 నిమిషాలు దొరికితే మంచి కోర్సే. పిల్లల గొంతుల మీద క్లాసు ఉందో లేదో కూడా చూడండి, పెద్దల క్వైర్ (గాయక బృందం) కోసం నేర్పేది అంతా మీ తరగతి గదికి సరిపోదు.

వీడియోకు కెమెరా పిల్లల మధ్యలో, మీకు ఎదురుగా పెట్టాలి. ముఖం, రెండు చేతులు, నడుము దాకా కనబడాలి. సభ వైపు నుంచి తీస్తే మీ వీపు తప్ప ఏమీ కనిపించదు. ఎడిటింగ్ వద్దు. ప్రదర్శన ఒక్కటే కాకుండా, పిల్లల తప్పును ఆపి దిద్దే రిహార్సల్ ముక్క కూడా పెట్టండి. మీరు టీచరని తెలిసేది అక్కడే.

మిశ్రచాపు_7

చెయ్యి సంగతి చెబుతా. తొడ మీద వేసే తాళం దెబ్బ పడిన చోటును చూపిస్తుంది. కండక్టర్ చెయ్యి ఆ దెబ్బ ఎప్పుడు, ఎంత వేగంతో, ఎంత బలంతో పడబోతోందో ముందే చెప్పాలి. మీ పిల్లలకు అందనిది ఆ ముందు దెబ్బ.

పాట ఒకటో దెబ్బ మీద మొదలైతే మీరు దానికి ముందు వచ్చే నాలుగో దెబ్బ చూపాలి. చెయ్యి ఛాతీకి, నడుముకు నడుమ, అరచేయి కిందికి. నాలుగో దెబ్బకు చెయ్యి పైకి లేస్తూండగా మీరు నోరు తెరిచి ఊపిరి పీల్చండి, పిల్లలూ మీతో పీలుస్తారు. చెయ్యి పైన ఆగొద్దు. ఆగితే సగం మంది ముందే ఎత్తుకుంటారు, మిగతావాళ్లు పక్కవాళ్లను విని వెనక వస్తారు. ముందు దెబ్బ వేగంగా వేసి తర్వాత నిదానం చేస్తే మొదటి పంక్తి పరుగెత్తి రెండో పంక్తిలో కూలుతుంది. అనాగత ఎత్తుగడ (తాళం మొదలయ్యాక పాట అందుకునేది) అయితే ఒకటో దెబ్బను చిన్నగా, పదునుగా వేయండి. చెయ్యి పైకి ఎగిరేటప్పుడు పిల్లలు అందుకుంటారు.

నాలుగు దెబ్బలకు కుడిచేయి దారి: కింద, ఎడమ, కుడి, పైకి. ఆదితాళం అంటే ఇదే రెండు చుట్లు. మూడింటికి కింద, కుడి, పైకి. మిశ్రచాపు తకిట-తక-ధిమి కాబట్టి మూడింటి దారిలోనే మొదటి దెబ్బ పొడుగు. ఖండచాపు తక-తకిట కాబట్టి రెండింటి దారిలో రెండోది పొడుగు. ఎడమచేయి కుడిచేతిని అద్దంలో లాగా అనుకరించొద్దు. ఎవరు ఎత్తుకోవాలి, ఎక్కడ తగ్గాలి అనేది దాని పని.

పిల్లలతో కలిసి మీరు పాడొద్దు, మీ గొంతే మీకు వినబడుతుంది. ముగింపు దగ్గరా జాగ్రత్త. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ఆగుతుంది, ఇంగ్లిష్ పాటలో లాగా చివరి హల్లు మీద అందరినీ ఒకచోట కట్టడం కుదరదు. చెయ్యి చిన్న సున్నా చుట్టి మూసినప్పుడు నోరు మూయకుండా ఊపిరి ఆపమనండి. లేకపోతే ‘ఆ’ కాస్తా ‘అమ్’ అవుతుంది, శ్రుతి జారుతుంది.

సాధనకు జనగణమన చాలు. 52 సెకన్లలో ముగియాలి. స్టాప్‌వాచ్ 60 చూపిస్తే మీరు బృందాన్ని నడపడం లేదు, బృందం వెనక నడుస్తున్నారు.

గురుకుల_గానం

పైన ఆగిపోవడమే నా తప్పని ఇప్పుడు అర్థమైంది. ఇంకొకటి. హార్మోనియం మీద ఐదు శ్రుతిలో పాడిస్తే చిన్నపిల్లల గొంతు గాలిపోయినట్టు వస్తోంది. బడి బ్యాండ్‌లోని ట్రంపెట్ కూడా కలపాలని ఉంది.

కాజీపేట_క్వైర్

మీరు పట్టుకున్న ఐదు శ్రుతి పాశ్చాత్య స్వరాల్లో కింది ‘జి’. జనగణమన మంద్ర నిషాదం (కింది స్థాయి ని) నుంచి తార షడ్జమం (పై స్థాయి స) దాకా పోతుంది, అందుకే కింది స్వరాల్లో చిన్న గొంతులకు బలం చాలదు. రెండు శ్రుతి, అంటే మిడిల్ ‘సి’ (కీబోర్డు నడిమి సి) పక్కన ఉన్న ‘డి’ పెట్టండి. 9వ తరగతి మగపిల్లల్లో గొంతు మారుతున్నవాళ్లు ఉంటారు. వాళ్లను పైకి లాగొద్దు, ఒక స్థాయి కింద పాడనివ్వండి.

బి-ఫ్లాట్ ట్రంపెట్‌లో రాసిన సి ఊదితే బి-ఫ్లాట్ వినబడుతుంది. మీ పాట ‘డి’లో ఉంటే ట్రంపెట్ పిల్లవాడికి ‘ఈ’లో రాసివ్వాలి. ఆల్టో శాక్సోఫోన్ ఉంటే ‘బి’లో.

నాలుగు గొంతుల స్కోరు (అన్ని గొంతుల స్వరాలు కలిపి రాసిన కాగితం) చదవడం అలవాటు కావాలంటే ఫాతిమానగర్, హనుమకొండ చర్చిల క్వైర్ రిహార్సల్‌కు అనుమతి అడిగి కూర్చోండి. రోజుకొక గొంతు పాడుతూ మరో గొంతును హార్మోనియం మీద వాయించండి. కోర్సువాళ్లు స్కోర్లు ముందే పంపుతారు, రాగానే పెన్సిల్‌తో ఊపిరి చోట్లు, ఒక్కో గొంతు ఎత్తుకునే చోట్లు గుర్తు పెట్టండి. పెన్ను వద్దు, అక్కడికి పోయాక సగం మార్చాల్సి వస్తుంది.