చేతులు వణికి, నడక మందగించే నరాల జబ్బు పార్కిన్సన్స్‌కు కూడా టీబీలా దేశమంతా రోగుల రిజిస్టర్ పెట్టాలా, వద్దా?

దేవరకొండోడు: టీబీ కేసు దొరికితే ప్రైవేటు డాక్టరైనా సర్కారుకు చెప్పాల్సిందేనని 2012 నుంచి రూల్ ఉంది. క్యాన్సర్‌కు కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ రిజిస్టర్ల పని 1981లోనే మొదలైంది. పార్కిన్సన్స్ వాళ్లు మన జిల్లాలో ఎంతమంది అంటే చెప్పే నాథుడు లేడు. కాలిఫోర్నియాలో 2018 జూలై నుంచి ప్రతి కేసూ రిపోర్ట్ చేయడం కంపల్సరీ. లెక్క లేకుండా న్యూరాలజిస్టు పోస్టు కావాలని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

మునుగోడు మనిషి: అన్నా, లెక్కల ముచ్చట మాకు చెప్పకు. ఫ్లోరైడ్ సర్వేలంటూ ఎన్ని జీపులు వచ్చిపోయాయో, పళ్లు చూశారు, సీసాల్లో నీళ్లు పట్టుకపోయారు, ఆ నీళ్లు బాగుచేసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన పేరే పెట్టారు, జనం మాత్రం ఏండ్ల తరబడి అవే బోరు నీళ్లు తాగారు. పైగా ఫ్లోరోసిస్ ముదిరి వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పడిపోయినోళ్లు ఉన్నారు, సర్వేకు వచ్చిన పిల్లగాడు వాళ్లను ఏ కాలమ్‌లో రాస్తాడు? ఆ ఇంట్లో నరాల రోగముందట అని బయటపడితే పిల్లల సంబంధాలు చెడిపోవా?

పాలమూరు మెడికల్ షాపు: తమ్మీ చెప్పిన కాలమ్ సంగతి నిజం. వాంతులకో, మానసిక సమస్యకో వేసుకునే కొన్ని మందులకూ చేతులు వణుకుతాయి. ఇంకొందరికి వణుకే ఉండదు, నడక నెమ్మదించి ముఖం బిగుసుకుపోతుంది, ఇంట్లోవాళ్లు ముసలితనం అనుకుంటారు. మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తాడు, చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది, పార్కిన్సన్స్ మాత్ర సిండోపా పాత స్ట్రిప్ ముక్క చూపించి అదే ఇమ్మంటాడు, చొక్కా జేబులోంచి నోట్లు నేనే తీసుకోవాలి. డోసు మార్చాలో లేదో చూసినోళ్లే లేరు.

దేవరకొండోడు: పేర్లు బయటపెట్టమని ఎవరన్నారు? అమెరికాలో 2016 చట్టం వచ్చాక అక్కడి సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ నరాల జబ్బుల లెక్కను ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్), పార్కిన్సన్స్‌తోనే మొదలుపెట్టింది, ఇన్సూరెన్స్, ఆసుపత్రి రికార్డుల నుంచే లెక్క తీస్తున్నారు.

పాలమూరు మెడికల్ షాపు: అక్కడ మందుకు ఇన్సూరెన్స్ బిల్లు పడుతుంది సార్. ఇక్కడ కౌంటర్ మీద నగదు. ఆరోగ్యశ్రీలో చూద్దామంటే అది ఎక్కువగా అడ్మిట్ అయినోళ్లది. 2016 వికలాంగుల చట్టంలో పార్కిన్సన్స్, ఎంఎస్ రెండూ ఉన్నా, వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే పింఛను లాంటివి, అంటే మంచాన పడేదాకా సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు ఎవరూ పోరు. టీబీ రిజిస్టర్ నడుస్తున్నదంటే రూల్‌తో కాదు, మందు ఫ్రీ, పోషణకు డబ్బులు. పార్కిన్సన్స్ మాత్రలు కూడా జిల్లా ఆసుపత్రిలో ఫ్రీగా ఇచ్చి, నెలకోసారి న్యూరాలజిస్టును కూర్చోబెట్టండి, పేర్లు వాళ్లే వచ్చి రాయించుకుంటారు.

మునుగోడు మనిషి: అట్లయితే మా ఊరి నుంచి నేనే ఆటో మాట్లాడి తీసుకొస్తా.

దేవరకొండోడు: బాగానే ఉంది, మరి ఎన్ని మాత్రలకు ఇండెంట్ పెట్టాలి? అది తెలియాలన్నా లెక్కే కదా కావాల్సింది!

పాలమూరు మెడికల్ షాపు: మెడికల్ షాపుల మూడు నెలల అమ్మకం అడగండి, సరిపోతుంది.