పొద్దున్నే పనిలోకి వచ్చినవారు సణిగితే తప్పా? (మత్తయి 20:1-16)

ఒంగోలు నర్సమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘంలో స్త్రీల సమాజానికి వాక్యం చెబుతుంటాను. ఈసారి నా వంతుకు వచ్చిన భాగం ద్రాక్షతోట కూలీల ఉపమానం. పొద్దున్నే పనిలోకి వచ్చినవారికీ, సాయంత్రం ఐదు గంటలకు వచ్చినవారికీ యజమాని ఒకటే కూలి, ఒక్కొక్క దేనారం, ఇచ్చిన కథ అది. ఇంతకుముందు ఎన్నోసార్లు చెప్పిందే. ఇప్పుడు మాత్రం చెప్పడానికి నోరు రావడం లేదు. ఎందుకో దాచకుండా రాస్తాను.

మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. నాన్న పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. డ్యూటీ నుంచి వచ్చి అమ్మకు ఒళ్లు తుడవడం, నోటికి అందించడం, వీపు మీద పుండు పడకుండా రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి పక్క మార్చడం, ఇలా ఏళ్లు గడిచాయి. నర్సు కాబట్టి ఆమెకు ఇదొక లెక్కా అంటారు చుట్టాలు. ఆసుపత్రిలో షిఫ్టు అయిపోతే ఇంకొకరు వస్తారు. ఇంట్లో ఎవరూ రారు.

నాకు ఒక తమ్ముడు. తాగుడు అలవాటై, నాన్న రెక్కల కష్టంతో కొన్న చేను అమ్మించి, ఆ డబ్బుతో హైదరాబాదు వెళ్లిపోయాడు. క్రిస్మస్‌కు రాలేదు. అమ్మ పడిపోయిందని కబురు చేసినా రాలేదు. నిరుడు మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని, భార్యతో కలిసి ఊరికి తిరిగి వచ్చాడు. తాగడం మానేశాడు. అది నిజం, నా కళ్లతో చూస్తున్నాను. మా సంఘంలో ఇప్పుడు ఆదివారం ఆదివారం అతని చేత సాక్ష్యం చెప్పిస్తున్నారు. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెబుతారు.

మొన్న అమ్మ తన గాజులు తీయమంది. పెళ్లినాటి బంగారు గాజుల జత. చెయ్యి వాచి బిగుసుకుపోయి ఉన్నాయి. సబ్బు నీళ్లు రాసి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, చర్మం గీరుకోకుండా కొంచెం కొంచెంగా తిప్పుతూ నేనే తీశాను. ఒకటి నా చేతిలో పెట్టింది. రెండోది తమ్ముడి భార్యకు ఇమ్మంది. మాట సరిగా పలకని మనిషి, ఆ మాట మాత్రం స్పష్టంగా చెప్పింది.

నాకు బంగారం మీద ఆశ లేదు. కానీ చెరొకటి అనగానే నా ఇన్నేళ్ల చాకిరీ, వాడి ఏడాది భక్తి ఒకే తూకం తూగినట్టు అనిపించింది. ఆ రాత్రి అమ్మ పక్క మారుస్తుంటే నా చేతులు మొరటుగా కదిలాయి. దానికే నాకు భయం వేసింది.

పగలంతా కష్టపడి ఎండ భరించిన మమ్మల్ని, ఒక్క గంట పనిచేసిన వీళ్లతో సమానం చేశావే అని పొద్దున వచ్చినవారు యజమాని మీద సణిగారు. నాకు ఆ మాటలో తప్పు కనబడటం లేదు. దేవుడు న్యాయవంతుడని నేర్పించే మనం ఇక్కడ ఏమని చెప్పాలి? ‘ఈర్ష్య పడకు తల్లీ, ప్రార్థన చేసుకో’ అని మాత్రం రాయకండి. ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

ఒక విశ్వాసి:

అక్కా, సంతోషించేవారితో సంతోషించమని రోమా పత్రిక 12:15 చెబుతోంది. కయీను కూడా తమ్ముడి అర్పణను దేవుడు అంగీకరించాడనే కోపగించుకుని, చివరికి ఆ తమ్ముణ్ణి చంపాడు. ఆ దారిలోకి వెళ్లకుండా మనసు కాపాడుకోండి.

ఒంగోలు నర్సమ్మ:

తమ్ముడూ, మంచి మనసుతోనే చెప్పావు. కానీ అక్కడ దేవుడు కయీనును శిక్షించకముందు ‘నీకు కోపమెందుకు’ అని అడిగాడు. నన్ను మా ఇంట్లోగానీ, సంఘంలోగానీ ఎవరూ ఆ మాట అడగలేదు. అందుకే ఇక్కడ రాసుకున్నాను.

పల్నాడు మిర్చి రైతు:

నర్సమ్మక్కా, వందనాలు. నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాను. కూలీలను పనికి పిలిచే రైతును కాబట్టి ఈ ఉపమానం నాకు మా పొలం గట్టు మీద జరిగినట్టే ఉంటుంది.

మిర్చి కోతలప్పుడు తెల్లవారకముందే కూలీలు క్యారేజీలు కట్టుకుని రోడ్డు మీదికి వస్తారు. ముఠా మేస్త్రి చెయ్యి చురుకైనవాళ్లను ముందు ఏరుకుని ఆటో ఎక్కిస్తాడు. చివరికి మిగిలేది ఎవరు? వయసు మళ్లినవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు, చంకలో బిడ్డ ఉన్న తల్లి. ఎండ ముదిరినా వాళ్లు ఇంటికి వెళ్లరు, ఎవరైనా పిలవకపోతారా అని అక్కడే కూర్చుంటారు. ఐదు గంటలకు నిలబడి ఉన్నవారు యజమానితో చెప్పింది కూడా అదే, మమ్మల్ని ఎవరూ పనికి పెట్టుకోలేదని. వాళ్లు సోమరులని ఆ కథలో ఎక్కడా లేదు.

దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. దాంతో ఇల్లు ఆ రోజుకు గడుస్తుంది. గంటకు ఇంత అని లెక్క కట్టి అందులో పన్నెండో వంతు చేతిలో పెడితే ఆ రాత్రి పిల్లలకు అన్నం ఉండదు. వీళ్లు ఇంటికి వెళ్లి ఏం తింటారని ఆ యజమాని ఆలోచించాడు. ధర్మశాస్త్రంలో కూడా బీదవాడి కూలి పొద్దుగుంకక ముందే ఇవ్వాలని ఉంది (ద్వితీయోపదేశకాండం 24:15), వాడు దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడు కాబట్టి.

ఒక ఏడాది మధ్యాహ్నం దాటాక వచ్చిన ముసలివాళ్లకు నేనూ పూర్తి కూలి ఇచ్చాను. ముఠా అంతా గొడవకు దిగింది. రేపటి నుంచి పొద్దున్నే ఎవరూ రారని మేస్త్రి గట్టిగా చెప్పాడు. వచ్చారు. తమ కూలిలో ఒక్క రూపాయి తగ్గలేదని వాళ్లకు తెలుసు. కానీ కోపం మాత్రం కొన్నాళ్లు పోలేదు, ఆ కోపం నాకు అర్థమైంది. పొద్దుటి నుంచి కోసిన చేతులు సాయంత్రానికి కాయల ఘాటుకు భగభగ మండుతాయి. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకున్నా ఆగదు. ఆ చేతులతో పక్కవాడికీ అంతే కూలి ఇస్తుంటే చూడటం కష్టం.

అయితే అక్కా, పొద్దున్నే ఆటో ఎక్కినవాళ్లకు ఎండ ఉంటుంది గానీ దిగులు ఉండదు. సాయంత్రం బియ్యం కొనుక్కోవచ్చనే ధీమా వాళ్లకు తెల్లవారుతూనే దొరికింది. రోడ్డు మీద మిగిలినవాళ్లు రోజంతా ఆ ధీమా లేకుండా గడిపారు. పెద్ద కష్టం ఎవరిదంటే నేను చెప్పలేను.

ఇంకొక మాట. మీ తమ్ముడు ఐదు గంటల కూలివాడు కాడు. ఎవరూ పిలవక నిలబడిపోలేదు, చేతిలో ఉన్నదాన్ని వదిలేసి వెళ్లాడు. ఈ ఉపమానం మీకు చదివి వినిపించి ‘నువ్వు సణిగే కూలివి’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ ఇంటి కథ లూకా 15లో ఉంది. అక్కడ ఆస్తి పాడుచేసి తిరిగి వచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేశాడు. పెద్దకొడుకు అలిగి బయట నిలబడితే తండ్రి ఆ విందు వదిలి బయటికి వచ్చి బతిమాలాడు. నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే అన్నాడు.

నెల్లూరు విశ్రాంత పాస్టరు:

అమ్మా, మీ ప్రశ్న తప్పు కాదు. మొదట పేతురే ఇలా అడిగాడు. 20వ అధ్యాయం ఎక్కడి నుంచి మొదలైందో చూడండి. 19వ అధ్యాయం చివర పేతురు ‘మేము అన్నీ విడిచి నిన్ను వెంబడించాము, మాకేం దొరుకుతుంది?’ అంటాడు. ప్రభువు అతణ్ణి గద్దించలేదు. నూరంతలు దొరుకుతుందని మాట ఇచ్చి, ఆ వెంటనే ఈ ఉపమానం చెప్పాడు. అంటే ఇది పొద్దున్నే వచ్చినవారితో చెప్పిన కథ. యజమాని కూడా సణిగిన మనిషిని ‘స్నేహితుడా’ అని పిలిచే జవాబిచ్చాడు, తోటలోంచి వెళ్లగొట్టలేదు.

మీరు ఒంగోలువారు కాబట్టి మన సంఘాల చరిత్ర ఒకసారి గుర్తు చేస్తాను. 1840లో అమెరికా మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో బాప్తిస్టు మిషను మొదలుపెట్టారు. 1849లో లైమన్ జ్యూవెట్ వచ్చి చేరారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈ మిషను మూసేద్దామన్న మాట అమెరికాలో లేచింది. అలాంటి రోజుల్లో 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూవెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. 1866లో అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు చెప్పినా ఆయన చేర్చుకున్నారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. సహాయం కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం వచ్చిన క్రైస్తవులని చిన్నచూపు చూసినవారు అప్పుడు లేకపోలేదు. కొండ ఎక్కినవారి లెక్కతో చూస్తే ఆ రెండువేల మందీ సాయంకాలం వచ్చినవారే. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో మన కుటుంబాలు చాలావరకు ఆ సాయంకాలపు కూలీల సంతానం. వారి దేనారంతో మనం బతుకుతున్నాం.

ఇక రైతు సోదరుడు ముట్టుకోని సంగతి ఒకటుంది. ఉపమానంలో యజమాని అన్న ‘నా సొమ్ము నా ఇష్టం’ అనే మాటను కూలి తగ్గించడానికి వాడుకునేవారిని నేను చూశాను. ఆ యజమాని ఎవరికీ తగ్గించలేదు, కొందరికి పెంచాడు. కోత కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతుల మీద యాకోబు పత్రిక 5:4 ఎంత మండిపడుతుందో చదవండి. ఇంటి పనీ అంతే. చాకిరీ అంతా ఆడబిడ్డ మీద వేసి, ఆమె నోరు తెరిస్తే ఈర్ష్య అనడం అన్యాయం.

ఐదు గంటలకు వచ్చినవారికి కూడా యజమాని సంత వీధిలోనే డబ్బు పంచిపెట్టలేదు. ‘మీరూ నా తోటలోకి వెళ్లండి’ అన్నాడు. మీ తమ్ముడు ఇప్పుడు తోటలోకి వచ్చాడు. అతని పని తల్లి మంచం దగ్గర ఉంది. రాత్రులు పంచుకోమని అడగండి. మీ సంఘ పెద్దలకు కూడా నా తరఫున ఒక మాట చెప్పండి: కొత్తగా చేరినవాణ్ణి తొందరపడి పైకి ఎక్కించవద్దని పౌలు తిమోతికి రాసింది ఆ మనిషి మేలు కోరే.

ఆలస్యంగా వచ్చినవాడు, విజయవాడ:

అక్కా, నేను మీ తమ్ముడి వైపు మనిషిని. నాదీ తాగుడు కథే, మా నాన్నను మా అక్క చూసుకుంది. నాకు సాక్ష్యం చెప్పడం తేలిక. మా అక్క ఇంటి గడప దాటడం కష్టం. నాన్నను ఎలా లేపాలో, ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలియదు. అడిగితే ఇప్పుడు గుర్తొచ్చిందా అంటుందని భయం. అడగకపోతే పట్టించుకోలేదంటుంది. చివరికి మా అక్కే ఒకరోజు ‘ఇటు వచ్చి భుజం కింద చెయ్యి పెట్టు’ అంది. ఆ రోజు నుంచే నేను ఆ ఇంటివాణ్ణయ్యాను. మీ తమ్ముడు ఎలాంటివాడో నాకు తెలియదు. కానీ పనిలోకి రానివాళ్లందరూ పని తప్పించుకునేవాళ్లే కాదు. కొందరికి ఎవరో ఒకరు నేర్పించాలి.

ఒంగోలు నర్సమ్మ:

అందరికీ వందనాలు. వెంటనే జవాబు రాయలేకపోయాను, మన్నించండి.

గాజు సంగతి నాకు ఇంకా మింగుడు పడలేదు. పడిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ రైతు తమ్ముడు చెప్పిన ధీమా మాట దగ్గర ఆగిపోయాను. అమ్మ ఇన్నేళ్లూ ప్రతి పొద్దున నా గొంతు విని కళ్లు తెరిచింది. వాడు ఆ ఏళ్లలో ఏ ఊళ్లో, ఏ అరుగు మీద పడుకున్నాడో వాడికే గుర్తు లేదు. వాడి ఏళ్లు నాకు ఇస్తానంటే నేను తీసుకోను.

విజయవాడ తమ్ముడూ, నీ మాట మీద మా వాణ్ణి పిలిచాను. మంగళ, శుక్రవారాల రాత్రులు వచ్చి పడుకుంటానన్నాడు. పక్క మార్చేటప్పుడు మనిషిని లాగకూడదని, నడుం కింద పరిచిన దుప్పటి పట్టుకుని తిప్పాలని చూపించాను. మొదటిసారి వాడి చేతులు వణికాయి, అమ్మ మూలిగింది. రెండోసారి సరిగా తిప్పాడు. తలగడ మోకాళ్ల మధ్య పెట్టడం మరిచిపోతే గుర్తు చేశాను.

అయ్యగారూ, సంఘ పెద్దలతో మీ మాట చెప్పాను. ఆలోచిస్తామన్నారు. వాక్యం పేతురు ప్రశ్న దగ్గర మొదలుపెడతాను, వెలంపల్లి సంగతి కూడా చెబుతాను. మా స్త్రీల సమాజంలో సగం మంది కోతలకు, కలుపుకు వెళ్లేవారే. నేను చెప్పడం మొదలుపెట్టకముందు, సాయంత్రం దాకా రోడ్డు మీద ఎవరు మిగిలిపోతారో వాళ్లనే చెప్పమంటాను.