టర్మ్ చివరి వారం: పిల్లలే నడిపే మీటింగు, సర్టిఫికెట్ల అసెంబ్లీ ఎలా ఏర్పాటు చేయాలి?

సుద్దముక్క:
నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్ సిలబస్) స్కూల్లో ఐదో తరగతికి హోమ్‌రూమ్ టీచర్ని. స్టేట్ సిలబస్ నుంచి ఇటు కొత్తగా వచ్చాను. డిసెంబరులో టర్మ్ ముగిసే వారం రెండు పనులున్నాయి. ఒకటి స్టూడెంట్ లెడ్ కాన్ఫరెన్స్, అంటే పిల్లలే అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని తమ పని చూపించి మాట్లాడటం. రెండోది ప్రైమరీ అసెంబ్లీ, అందులో మా సెక్షన్‌కు 20 నిమిషాలు. పిల్లలు 24 మంది, గది ఒక్కటే, అసిస్టెంట్ టీచర్ ఒకరు. కాన్ఫరెన్స్ శనివారం ఉదయం 9 నుంచి 12:30 వరకు.

24 కుటుంబాలకు టైము ఎలా పంచాలి? ఫైల్లో ఏమేం పెట్టించాలి? సర్టిఫికెట్లు అందరికీ ఇవ్వాలా, కొందరికేనా? ఇంకోటి, మా పిల్లల అన్నలు, అక్కలు ఏడో తరగతిలో ఉన్నారు. వాళ్ల రిపోర్టులో 1 నుంచి 7 వరకు ఉండే గ్రేడు సంగతి తల్లిదండ్రులు నన్నే అడుగుతున్నారు. ఎలా చెప్పాలి?

పలకాబలపం:
ఒక్కో విడతకు నాలుగు కుటుంబాలు, అరగంట చొప్పున పెట్టండి. 9:00, 9:30, 10:00 మూడు విడతలు. పావుగంట విరామం. మళ్లీ 10:45, 11:15, 11:45. 12:15కి అయిపోతుంది. మిగిలిన పావుగంట ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఖాళీగా ఉంచండి. అరగంటలో పిల్లల మాటలకు 20 నిమిషాలు, గోడమీద పని చూసి రెండు ముక్కలు రాయడానికి 5, టేబుల్ మారడానికి 5.

టేబుళ్లు నాలుగు మూలలకు వేయండి. తల్లిదండ్రుల కుర్చీలు గోడవైపు తిరిగి ఉండాలి. గదివైపు ఉంటే వాళ్ల చూపు మీమీదే ఉంటుంది, ప్రశ్న బిడ్డను దాటి మీకొస్తుంది. బిడ్డ మధ్యలో, ఫైలు బిడ్డ ముందు. ఫైలు నాన్న చేతికి వెళ్లిందంటే ఆయన పేజీలు తిప్పుకుంటూ పోతారు, ఇక వినేవాళ్లుండరు. మీరు ఏ టేబుల్ దగ్గరా కూర్చోవద్దు. కూర్చున్న నిమిషంలో అది పేరెంట్ టీచర్ మీటింగ్ అయిపోతుంది. టీచరుతో మాట్లాడాలంటే వేరే రోజు టైము రాసుకోమని తలుపు దగ్గర ఒక కాగితం పెట్టండి.

ఫైల్లో ఆరు పనులు చాలు. ఒక్కోదానికి 3 నిమిషాలంటే 18, చివరి 2 నిమిషాలు వచ్చే టర్ముకు పెట్టుకున్న లక్ష్యానికి. ముప్పై కాగితాలు కుక్కితే పిల్లలు "ఇది మ్యాథ్స్, ఇది సైన్స్" అంటూ తిప్పేస్తారు. ఆరింటిలో ఒకటి రాత పని. మొదటి చిత్తు, చివరి ప్రతి రెండూ కలిపి పిన్ చేయండి. ఒకటి లెక్క. తప్పుపోయిన మెట్టును చెరపకుండా, పక్కనే వేరే రంగులో సరిచేసినది. మిగిలినవి యూనిట్ (కొన్ని వారాలు ఒకే అంశం చుట్టూ సాగే పాఠం) పని, తెలుగు, ఆర్ట్, ఇంకొకటి పిల్లల ఇష్టం. ఒక్కోదానికీ చిన్న చీటీ అంటించాలి: ఇదే ఎందుకు తీసుకున్నాను, మొదట ఏం రాలేదు, ఇప్పుడు ఏం చేయగలను. మూడు వారాల ముందు నుంచే పిల్లలచేత ఎంపిక చేయించండి. చిత్తుప్రతులు చెత్తబుట్టలోకి పోయాక ఎదుగుదల చూపించడానికి ఏమీ మిగలదు, కాబట్టి ఈరోజు నుంచే ఒక డబ్బాలో వేయించండి.

లక్ష్యం విషయంలో పట్టు వదలొద్దు. "బాగా చదువుతాను" లక్ష్యం కాదు. "రోజూ పావుగంట తెలుగు కథ పైకి చదివి, తెలియని మూడు మాటలు రాసుకుంటాను" అనేది లక్ష్యం.

స్క్రిప్టు బట్టీ పట్టించొద్దు. అమ్మ మధ్యలో ఒక ప్రశ్న వేసిందంటే దారి తప్పి మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకుంటారు. కార్డు మీద పనికి మూడు మాటలు రాసుకుని, జంటలుగా రెండుసార్లు సాధన చేస్తే సరిపోతుంది. ఇంట్లోవాళ్లకు బుధవారమే అరపేజీ పంపండి: "ఇందులో ఏది కష్టంగా అనిపించింది?", "మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?" లాంటి ప్రశ్నలు నాలుగు. "క్లాస్ ఫస్ట్ ఎవరు?" అని ఆ టేబుల్ దగ్గర అడగొద్దని మర్యాదగానే, కానీ స్పష్టంగా రాయండి. ఎవరింటి నుంచీ రాలేని పిల్లల పక్కన అసిస్టెంట్ కూర్చోవాలి. ఎవరో ముందే తెలుసుకోండి, అప్పటికప్పుడు చూసుకుందాంలే అనుకుంటే ఆ బిడ్డ ఒంటరిగా మిగిలిపోతుంది.

అలుగు:
పై జవాబుకు ఒకటి కలుపుతాను. ఏ భాషలో మాట్లాడాలో పిల్లలకే వదిలేయండి. ఆ రోజు తాతయ్యలు, నానమ్మలు కూడా వస్తారు. ఇంగ్లిష్‌లో నేర్చుకున్నది ఇంటి భాషలో చెప్పగలిగితే అది నిజంగా అర్థమైనట్టే. ఇంటి భాషను క్లాసులోకి తెమ్మని ఐబీ కూడా చెబుతుంది.

చిక్కల్లా మాటల దగ్గరే. యూనిట్ నీటి మీద అనుకుందాం. మన ఊరిదే ఉదాహరణ: 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. పిల్లలు ఇదంతా ఇంగ్లిష్‌లో గడగడా చెప్పేస్తారు, తెలుగులోకి రాగానే ఆగిపోతారు. తెలుగు టీచరుతో కూర్చుని పది పన్నెండు మాటల పట్టిక ముందే చేయించండి: కట్ట, తూము, అలుగు, పూడిక, ఆయకట్టు. పాఠ్యపుస్తకాల బరువు మాటలు వద్దు, బాష్పీభవనం బదులు "నీరు ఆవిరైపోవడం" చాలు. "అలుగు పారడం" అని మనవరాలి నోట వింటే తాతయ్యే అక్కడి నుంచి అందుకుని తమ ఊరి చెరువు సంగతి చెబుతారు. ఆ చెప్పింది బిడ్డ రాసుకోవడానికి టేబుల్ మీద ఒక తెల్ల కాగితం ఉంచండి, యూనిట్‌కు అది కూడా సమాచారమే.

గోడ మీద సెంట్రల్ ఐడియా, అంటే యూనిట్ మొత్తం సారాన్ని చెప్పే ఇంగ్లిష్ వాక్యం కింద తెలుగు వాక్యం కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయించండి.

సంతకం:
సర్టిఫికెట్లు అందరికీ ఇవ్వండి, కానీ అందరికీ ఒకే వాక్యం మాత్రం వద్దు. లెర్నర్ ప్రొఫైల్‌లో, అంటే పిల్లల్లో పెంచాలని ఐబీ చెప్పే గుణాల జాబితాలో, గుణాలు పది, మీ పిల్లలు 24 మంది. కొన్ని గుణాలు ఇద్దరు ముగ్గురికి వస్తాయి, ఫరవాలేదు. సమంగా పంచాలని బిడ్డకు నప్పని గుణం అంటగట్టకండి. గుణం కింద రాసే ఆధారమే అసలు సర్టిఫికెట్. "మంచి ప్రవర్తనకు" అని రాస్తే ఎవరికైనా సరిపోతుంది. "గ్రూపులో మాట కుదరనప్పుడు, కట్టిన వంతెన నమూనాను విప్పి మళ్లీ కట్టడానికి ముందుకొచ్చినందుకు" అని రాస్తే ఆ ఒక్క బిడ్డకే చెందుతుంది. చివరి వారం కూర్చుని గుర్తు చేసుకుంటే గట్టిగా మాట్లాడే పిల్లలే తడతారు. ఇప్పటి నుంచి రోజుకు ఐదుగురి మీద ఒక్కో వాక్యం రాసుకోండి, వారంలో 24 మందీ వచ్చేస్తారు.

ఈత పోటీ పతకాలు, ఒలింపియాడ్ ర్యాంకులు ఈ 20 నిమిషాల్లో కలపొద్దని నా గట్టి అభిప్రాయం. బయటి కోచింగ్‌కు పంపగలిగిన ఇళ్ల పిల్లలే మూడుసార్లు స్టేజీ ఎక్కుతారు. వాటికి మామూలు సోమవారం అసెంబ్లీ ఉంది.

లెక్క చూసుకోండి: ఒక్కొక్కరికి 40 సెకన్లంటే 16 నిమిషాలు. మిగిలే నాలుగులో రాకపోకలకే రెండు పోతాయి. కాబట్టి పాటో, డాన్సో ఏదీ పెట్టొద్దు. పిల్లలు రోల్ నంబర్ వరసలో ఎడమ మెట్ల నుంచి ఎక్కి కుడి నుంచి దిగాలి. సర్టిఫికెట్లు అదే వరసలో అసిస్టెంట్ చేతిలో ఉండాలి. ఫోటోలు చివర్లో ఆరుగురేసి నాలుగు గుంపులుగా తీయండి. ఫోటోకు ఇంట్లోవాళ్ల అనుమతి లేని పిల్లల పేర్లు ఫోటోగ్రాఫర్‌కు ముందే ఇవ్వాలి.

ఎక్కువగా తప్పు జరిగేది పేర్ల దగ్గర. రిజిస్టర్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనకుంటుంది, క్లాసులో పిలిచేది మూడోది. జాబితా ఇంటికి పంపి, సర్టిఫికెట్ మీద ఎలా ఉండాలో రాయించుకున్నాకే ప్రింటుకివ్వండి. 250 జీఎస్ఎం కాగితం చాలు. స్టాఫ్‌రూమ్ ప్రింటర్లో మందం కాగితం ఇరుక్కుంటుంది, డీటీపీ షాపుకివ్వండి. ఖాళీవి అరడజను అదనంగా తీయించండి. కార్డ్‌లెస్ మైకు స్పీకరు ముందుకు వెళ్తే కీచుమంటుంది. స్పీకర్లకు వెనకగా నేలమీద టేపుతో గీత వేసి, పిల్లల్ని అక్కడే నిలబెట్టండి.

సుద్దముక్క:
చాలా ఉపయోగపడిందండీ, ధన్యవాదాలు. ఇంట్లోవాళ్ల ముందు కూడా అస్సలు నోరు విప్పని అమ్మాయి ఒకతె ఉంది. తనకేం చేయాలి? గ్రేడ్ల ప్రశ్న కూడా మిగిలిపోయింది.

పలకాబలపం:
ఆ పాప టేబుల్ వరండాలో వేయండి. ఆరు పనుల గురించీ ముందే టాబ్లెట్‌లో తన గొంతుతో రికార్డు చేయనివ్వండి, ఒక్కోటి నిమిషం. ఆ రోజు తను ప్లే నొక్కి, చూపుడువేలితో చూపిస్తే చాలు. లేదా భిన్నాల కార్డుల ఆట అమ్మానాన్నలకు నేర్పించే పని ఇవ్వండి. ఆటలో చేతులు కదులుతుంటే నాలుగు మాటలు వాటంతటవే వస్తాయి. రాకపోయినా పక్కనుంచి "చెప్పు, చెప్పు" అనొద్దని ఇంట్లోవాళ్లకు ముందుగా ఫోన్ చేసి చెప్పండి.

గుణింతం:
గ్రేడ్ల గురించి. ఏడో తరగతి ఎంవైపీ (మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్, ఐబీలో ప్రైమరీ తర్వాతి దశ) కిందకు వస్తుంది. ప్రతి సబ్జెక్టుకు ఏ, బీ, సీ, డీ అని నాలుగు క్రైటీరియాలు (పనిని అంచనా వేసే కొలమానాలు), ఒక్కోదానికి గరిష్ఠం 8, మొత్తం 32. ఆ మొత్తాన్ని బట్టి గ్రేడు: 28 నుంచి 32 వరకు 7, 24 నుంచి 27 వరకు 6, 19 నుంచి 23 వరకు 5, 15 నుంచి 18 వరకు 4, 10 నుంచి 14 వరకు 3.

ఇళ్లలో గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, 20ని 32తో భాగించి "అరవై రెండు శాతమేనా!" అంటారు. 8 అనేది ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది మార్కులు కాదు, పని ఏ స్థాయి వర్ణనకు సరిపోయిందో చెప్పే అంకె. క్రైటీరియా స్థాయి కూడా టర్మ్ మొత్తానికి సగటు కట్టి తీసింది కాదు. సెప్టెంబరులో 3, నవంబరులో 6, డిసెంబరులో 6 వస్తే, నిలకడగా కనిపిస్తున్నది చూసి టీచరు 6 ఇవ్వవచ్చు. సగటు 5 కదా అని అడిగితే ఇదే జవాబు. గ్రేడు కన్నా నాలుగు అంకెలు విడివిడిగా చూడమనండి. మ్యాథ్స్‌లో ఏ 7, సీ 3 అంటే లెక్క వస్తోంది, చేసిన దారిని కాగితం మీద చూపించడం లేదు. ఇంట్లో సరిచేయగలిగింది అదే. మీ ఐదో తరగతికి మాత్రం ఇది వర్తించదు, పీవైపీలో (ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్, మీ దశ) ఐబీ ఇలాంటి అంకెల స్కేలు పెట్టలేదు. ఆ మాట కాన్ఫరెన్స్‌కు పంపే అరపేజీలోనే ఒక వాక్యంగా రాసేయండి.