సముద్రం ఎదురు బాల్కనీ, తుప్పు పట్టని మోడర్న్ కుర్చీలు ఏవైనా ఉన్నాయా అండి?

బాల్కనీ_బాధితురాలు:

నమస్కారమండి అందరికీ. మాది వైజాగ్ సాగర్‌నగర్ వైపు, ఆరో ఫ్లోరు, బాల్కనీలో నిలబడితే ఎదురుగా సముద్రమే. ఫ్లాట్ కొన్న కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ బాల్కనీయే చూపించేదాన్ని, ఇప్పుడు ఆ తలుపు వేసే ఉంచుతున్నా, అక్కడున్న కుర్చీలు చూస్తే నాకే సిగ్గేస్తోంది. పోయినేడు సంక్రాంతికి ఆన్‌లైన్లో సెట్ తెప్పించాం, రెండు కుర్చీలు, గాజు టీపాయి, పేము అల్లినట్టు కనిపించే ప్లాస్టిక్ అల్లిక, ఫొటోలో అచ్చం రిసార్టులా ఉంది. 14 నెలలయ్యేసరికి కాళ్ళ దగ్గర తుప్పు, వాన పడిన ప్రతిసారీ టైల్స్ మీద టీ డికాషన్ రంగు మరక, ఎంత తోమినా పోదు. అల్లికేమో ఎండకి పెళుసెక్కి పుటుక్కున విరుగుతోంది, ఆ మొనలు పట్టుకుని నా చుడీదార్లు రెండు చిరిగాయి. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే ‘అవుట్‌డోర్ అంటే పైన కప్పు ఉండే అవుట్‌డోర్ మేడం’ అన్నారు. మాకు పైన కప్పు ఉందండీ, గాలికి కూడా కప్పు వెయ్యాలా!

సరే విషయానికొస్తే, బాల్కనీ 11 అడుగుల పొడవు, 4న్నర అడుగుల వెడల్పు. బడ్జెట్ 40 వేలు, మహా అయితే 45. మా ఆయన స్టీలువి చేయించేద్దాం ఒక్కసారితో పోతుంది అంటారు, నాకేమో ఆ ఆసుపత్రి వెయిటింగ్ హాల్ లుక్ వద్దు, ఇప్పుడు రోప్ అల్లినవి, సన్న కాళ్ళవి వస్తున్నాయి కదా అలాంటివి కావాలి. మా మామగారికి 74, ఆయన అడిగేది ఒక్కటే, పడక కుర్చీ. ‘మీ కొత్తరకం కుర్చీల్లో కూర్చుంటే లేపడానికి ఇద్దరు రావాలమ్మా’ అంటారు. సముద్రం దగ్గర ఉండి వాడినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

వెల్డింగ్‌షాపు_గాజువాక:

మేడం మీ కుర్చీ ఒకటి బోర్లా తిప్పి చూడండి. కాళ్ళ అడుగున ప్లాస్టిక్ బుష్ ఊడిపోయుంటాది, లేదంటే పైపుకి ఎక్కడో కన్నం ఉంటాది. ఇనప పైపుకి పౌడర్ కోటింగ్ బయటే, లోపల ఉత్త ఇనుమే. ఉప్పుగాలి, వాననీళ్ళు లోపలికి పోయి అక్కడ్నించి తింటాది, మీకు బయట కనిపించేసరికి లోపల పనైపోయుంటాది. పౌడర్ కోటింగ్ చెడ్డదని కాదండి, పొడి జల్లి ఓవెన్లో 180 నుంచి 200 డిగ్రీల్లో కాలుస్తాం, మామూలు పెయింటు కన్నా గట్టిదే, కాకపోతే ఒక్క గీత పడిందంటే ఆ గీత కిందనుంచి తుప్పు పాకుతూ పోద్ది, పైన పొర బుడగలాగా లేస్తాది.

సార్ చెప్పిన స్టీలు సంగతి. బజార్లో స్టీలు స్టీలు అంటారు గానీ గ్రేడు అడగాలి. 202 ఇచ్చి 304 అని చెప్పేవోళ్ళు ఉన్నారు. అయస్కాంతం పెట్టి, చూడండి అంటుకోలేదు కదా అసలైనదే అంటారు, 202 కూడా అంటుకోదు మేడం, ఆ రెండిట్లో తేడా అయస్కాంతానికి తెలీదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాది, లోపలి ఊర్లకి బ్రహ్మాండం, సముద్రం ఎదురుగా అయితే వారానికోసారి మంచినీళ్ళతో కడగకపోతే దానికీ గోధుమ చుక్కలొస్తాయి. 316లో 2-3 శాతం మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుని తట్టుకునేది దాంతోనే, కానీ రేటు చూస్తే సారే వద్దంటారు.

నన్నడిగితే అల్యూమినియం. దానిమీద దానికదే సన్నటి పొర కట్టుకుంటాది, ఇనుములాగా తుప్పు పట్టదు, మీరొక్కరే ఎత్తి లోపల పెట్టుకోవచ్చు. అతుకులు ఆర్గాన్ వెల్డింగ్ అయితే మంచిది, స్క్రూలతో బిగించినవైతే మాత్రం ఆ స్క్రూలు బాగా చూడండి. అల్యూమినియానికి ఇంకో లోహం స్క్రూ తగిలి, మధ్యలోకి ఉప్పునీళ్ళు చేరితే అది బ్యాటరీలాగా పనిచేస్తాది, స్క్రూ చుట్టూ తెల్లపొడి రాలతాది, అల్యూమినియం తినేస్తన్నాదని గుర్తు. స్టీలు స్క్రూయే వేసినా మధ్యలో నైలాన్ వాషర్ పడాలి. షోరూంలో దిండ్లు రంగులు తర్వాత చూడొచ్చు, ముందు కుర్చీ తిరగేసి స్క్రూ చూడండి.

టాంపా_తెలుగోడు:

నేనుండేది ఫ్లోరిడాలో. ఇక్కడా అదే జిడ్డు గాలి, అవే తుఫాన్లు. ఏ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ దగ్గర చూసినా ఒకటే రకం కనిపిస్తుంది, అల్యూమినియం ఫ్రేము, మధ్యలో బిగుతుగా లాగిన మెష్ గుడ్డ, దిండూ లేదు ఏమీ లేదు. వచ్చిన కొత్తలో ఏంట్రా ఈ చవక కుర్చీలు అనుకున్నా. తర్వాత తెలిసింది దీని వెనక పెద్ద కథే ఉందని. ఫ్లోరెన్స్ నోల్ అని అమెరికా మోడర్న్ ఫర్నిచర్లో చాలా పెద్ద పేరు, ఆవిడ ఫ్లోరిడాకి మారాక ఆరుబయట వేసుకున్న సొంత కంపెనీ కుర్చీలే ఉప్పుగాలికి పాడైపోయాయి. అంటే మీ బాధే అండి, కాకపోతే ఆవిడకి ఫోన్ చేసి తిట్టడానికి వేరే కంపెనీ లేదు. దీన్ని తట్టుకునేవి చెయ్యమని రిచర్డ్ షుల్జ్ అనే డిజైనర్‌ని అడిగితే ఆయన అల్యూమినియం ఫ్రేము, నేసిన మెష్‌తో ఒక సెట్ చేశాడు, 1966లో బయటికొచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు, పేరు కూడా 1966 కలెక్షనే. ఫొటోలు వెతికి చూడండి, మీరు అడిగే సన్న కాళ్ళ మోడర్న్ లుక్ అంతా దాంట్లో ఉంది. ఒరిజినల్ కొనమని కాదు, దాని రేటుకి మీ బాల్కనీ టైల్స్ అన్నీ మార్పించొచ్చు. ఆ పద్ధతి పట్టుకోండి చాలు, నీళ్ళు నిలిచే చోటే ఉండదు దాంట్లో.

ఇక్కడ మామూలుగా దొరికేవాటికి గుడ్డ పాలిస్టర్ నూలుకి పీవీసీ పూత వేసి నేసింది. చిరిగితే ఫ్రేము పక్కనున్న గాడిలోంచి లాగేసి కొత్తది దూర్చడమే. నేను రెండు కుర్చీలకి మార్చా, మొదటిదానికి శనివారం మొత్తం పోయింది, రెండోదానికి గంట.

దిండ్లు తప్పదనుకుంటే లోపలి ఫోమ్ ఏంటో అడగండి. పెద్ద పెద్ద రంధ్రాలుండి నీళ్ళు జారిపోయే రకం వేరే ఉంటుంది. మామూలు స్పాంజి జూన్లో ఒకసారి తడిసిందంటే ఇక ఆ కంపు మీ ఇంటి మనిషే.

చెక్కపురుగు_రాజమండ్రి:

పడక కుర్చీ అన్న మాట చదివి ఆగలేకపోయానండి, నాది మీ మామగారి పార్టీ. ఇప్పుడు షోరూముల్లో లాంజ్ చెయిర్ అని అమ్మేవాటిలో కూర్చునే ఎత్తు 13, 14 అంగుళాలే ఉంటోంది చాలావాటికి, పైగా లోతు ఎక్కువ, నడుం కంటే మోకాళ్ళు పైకొస్తాయి. ముప్ఫై ఏళ్ళవాడికి స్టైలు, డెబ్భై దాటినాయనకి ఉచ్చు. అలాగని పడక కుర్చీ ఎత్తేం కాదు, గుడ్డ కిందకి జారే ఉంటుంది, అయినా లేవగలుగుతారు, ఎందుకంటే ఆ పొడవాటి చేతులు. రెండు చేతుల్తో వాటి కొసలు పట్టుకుని ముందుకి ఒరిగితే మనిషి దానంతటదే లేస్తాడు. కొత్త డిజైన్లలో సన్నగా కనబడాలని మొదట తీసేసేది ఆ చేతులనే, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇక మీరు మోజుపడే రోప్ కుర్చీ మన నులక మంచానికి చుట్టమే. జెన్స్ రిసోమ్ అని డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్ళినాయన 1943లో నోల్ కంపెనీకి ఒక కుర్చీ చేశాడు, యుద్ధం రోజులు కదా సరుకు దొరక్క, పారాచూట్లకి పనికిరావని పక్కన పడేసిన పట్టీలతో అల్లేశాడు. చెక్క ఫ్రేము మీద అడ్డంగా నిలువుగా పట్టీలు... నవారు కాదుటండీ అది? మా అమ్మమ్మగారింట్లో నవారు మంచానికి డిజైనర్ పేరు లేదంతే. నా సలహా ఏంటంటే అల్యూమినియం ఫ్రేము చేయించి పైన నవారు అల్లించండి. నూలుది వద్దు, మీ దగ్గర తేమకి బూజు పడుతుంది, ఎండకి తట్టుకునే సింథటిక్ పట్టీ అడగండి. రోప్ ఒకే పోగుగా అల్లితే ఒక్కచోట తెగినా అంతా విప్పాలి, నవారైతే తెగిన పట్టీ ఒక్కటే మారుస్తారు, సాగితే మళ్ళీ బిగిస్తారు.

పడక కుర్చీకి మాత్రం టేకు. దాంట్లో నూనె ఉంటుంది సహజంగా, చెదలు జోలికి రావు. పైన వార్నిష్ కొట్టకండి, ఎండకి పెచ్చులు లేస్తుంది, ప్రతి ఏడూ గీకడం మీ పని అవుతుంది. ఉత్తగా వదిలేస్తే కొన్నాళ్ళకి వెండి బూడిద రంగుకి తిరుగుతుంది, ఆ రంగు కోసమే విదేశాల్లో ఎదురుచూస్తారు, మనవాళ్ళేమో పాడైపోయిందనుకుంటారు. కాళ్ళ అడుగున నైలాన్ బుష్‌లు వేయించండి, చెక్క నీళ్ళు తాగేది కోసిన కొస దగ్గరే.

ఎండదెబ్బ_కరీంనగర్:

చర్చ మస్తుగుంది గని అక్కా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ఏస్తె లొల్లి ఒడిసిపోతది కదా. నవ్వకున్రి, అది గూడ డిజైనే. ఆన్రీ మాసొనె అని ఫ్రాన్స్ ఆయన 1972ల చేసిండు, కుర్చీ మొత్తం ఒక్క అచ్చుల ఒక్కసారే, అతుకు లేదు స్క్రూ లేదు, తుప్పు మాటే లేదు. మన పెండ్లిళ్ళల్ల కూసునేటియి దాని పిల్లలే. మాకు ఉప్పుగాలి లేదు, ఎండనే శత్రువు. మా మిద్దె మీద నల్లరంగు ఇనుప ఉయ్యాల పెట్టిచ్చిన, మే నెలల పొద్దున పది దాటితె దాని మీద దోశె పోసుకోవచ్చు, పిల్లలు దిక్కుగూడ సూడరు. అల్యూమినియం గూడ అట్లనే కాలుతది, నలుపు తీస్కోకున్రి.

బీచ్‌రోడ్_వాకర్:

పైన బ్రదర్‌కి ఒక్క మాట. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. ఎవరివో తెలీదు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు ఎగిరొచ్చి మా సన్‌షేడ్ మీద పడ్డాయి, ఒకటి కిటికీ అద్దం పగలగొట్టి మరీ లోపలికొచ్చింది. తేలిక తేలిక అని అందరూ అల్యూమినియం చెప్తున్నారు, మంచిదే, కానీ ఆరో ఫ్లోరులో తేలికైన కుర్చీ అంటే తుఫాను కబురు రాగానే లోపలికి పట్టుకుపోయేదై ఉండాలి. కాబట్టి మడతపెట్టేవో, ఒకదాని మీద ఒకటి పేర్చేవో తీసుకోండి, గుమ్మంలోంచి పడుతుందో లేదో కొలుచుకోండి. గాజు టీపాయి మాత్రం ఈ రోజే తీసేయండి.

బాల్కనీ_బాధితురాలు:

అందరికీ చాలా థాంక్సండి. ఆదివారం మా ఆయన్ని తీసుకుని రెండు షోరూములకి వెళ్ళా. ఒకచోట కుర్చీ బోర్లా తిప్పేసరికి సేల్స్ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు, మేడం మేడం అంటూ. స్క్రూ చుట్టూ తెల్లపొడి ఉంది! డిస్‌ప్లేలో ఉన్నదానికే! మా ఆయన ముఖం చూడాలి, అప్పట్నుంచి స్టీలు మాట ఎత్తలేదు.

చివరికి అనుకున్నదేంటంటే రెండు కుర్చీలు అల్యూమినియం ఫ్రేముతో చేయిద్దామని, పేర్చుకునేలా, మీద రెండంగుళాల బూడిదరంగు సింథటిక్ నవారు. టీపాయి బదులు రెయిలింగ్‌కి తగిలించే మడత బల్ల. మామగారికి టేకు పడక కుర్చీ వేరే, పొడవుగా చేతులతో. 4న్నర అడుగుల వెడల్పులో అది అడ్డంగా వేస్తే ఇక దారి ఉండదు కాబట్టి గోడ వారన పొడవుగా వేస్తున్నాం, తల ఇటు తిప్పితే సముద్రం, అటు తిప్పితే హాల్లో టీవీ, ఆయనకి ఆ రెండోదే ఎక్కువ నచ్చింది. గాజువాక అన్నయ్యగారూ, ఆ రెండు కుర్చీల్లో ఒకదాంట్లో మామగారు కూడా కూర్చుంటారు, కూర్చునే ఎత్తు ఎంత పెట్టమంటారు? 17 అంగుళాలా 18 ఆ?

వెల్డింగ్‌షాపు_గాజువాక:

అంకె నన్నడక్కండి మేడం. పెద్దాయన్ని డైనింగ్ కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, మోకాలి వెనక మడత నుంచి నేలదాకా టేపు పెట్టండి. ఇంట్లో చెప్పులేసుకుని తిరుగుతారా? అయితే చెప్పులతోనే కొలవండి. నవారు మనిషి బరువుకి కొంచెం దిగుతాది, దానికి ఓ అంగుళం నేను కలుపుకుంటాను.